చీర ఉన్నంత ఎరుపు

వత్సల చేతులు గడప దగ్గర పరిచిన తెల్ల దుప్పటి మీద చీర మడతలు సరిచేస్తున్నాయి. అంచు కనిపించేలా కొంగు బయటికి లాగి, కెమెరాను స్టూలు మీద ఆనించి, ఫ్లాష్ ఆపి నొక్కింది. మిగతా పదకొండు చీరల ఫోటోలు పొద్దున్నే అయిపోయాయి. మిగిలింది ఈ ఎరుపు ఒక్కటే.

పన్నెండున్నర దాటింది. రెండింటికి కరెంటు పోతే ఆరింటికి గాని రాదు. ఫోటోలేమో ఐదింటిలోపు పుణె దుకాణానికి చేరాలి. ఆ దుకాణం వాళ్ళు రామదాస్ నేసిన చీరలను తమ వెబ్‌సైటులో పెట్టి అమ్ముతారు. పోయిన నెల ఏడు చీరలు వాపసు వచ్చాయి. అన్నీ ఎరుపువే. ఫోటోలో ఒక రంగు, చేతికందాక ఇంకో రంగు అన్నారట. ఇంకోసారి ఇలాగైతే పేజీయే తీసేస్తామన్నారు.

రామదాస్ గోడకానుకొని కూర్చున్నాడు. "ఆ పేజీ పోతే మగ్గం విప్పి, ముద్ఖేడ్‌ల మూటలు మోసే హమాలీకి పోవుడే బిడ్డా," అన్నాడు.

తప్పు ఎవరిదో వత్సలకు తెలుసు. పదేళ్ళుగా పెళ్ళి ఆల్బమ్‌లు చేస్తున్న చెయ్యి ఆమెది. నాందేడ్‌లో కుంకుమ మండకపోతే, పసుపు మెరవకపోతే ఆల్బమ్ తీసుకోరు. అదే అలవాటుతో పోయినసారి ఫోటోల్లో చీరల ఎరుపు కూడా పెంచింది.

ఫోటోను కంప్యూటర్‌లో తెరిచి, తెల్ల దుప్పటి మీద క్లిక్ చేసి తెలుపు సరిచేసింది. ఎరుపు ఇంకా మండుతూనే ఉంది. తగ్గిస్తే అంచు జరీ బూడిదలా అయింది. చెరిపేసి మళ్ళీ కెమెరాలోని అసలు ఫోటోనే తెరిచింది. ఒకసారి సేవ్ చేసి దాచిన ఫోటోను మళ్ళీ మళ్ళీ దాస్తే అందులో చీర పోగులు అలుక్కుపోతాయి. మౌస్ తిప్పితే కంప్యూటర్ బిగుసుకుపోయి, తెర మీద గడియారం గుర్తు వచ్చి కూర్చుంది.

"నీ డబ్బాకన్న నా మగ్గమే నయం. తెగినా అతుకుతది," అన్నాడు రామదాస్.

ఒంటి గంట పది. రెండోసారీ రంగు కుదరలేదు. వేళ్ళు చెమటతో జారుతున్నాయి, కొంగుకు తుడుచుకుంది. మూడోసారి అంచు చుట్టూ గీత గీసి దాన్ని వదిలేసి, మిగతా చీర ఎరుపు మాత్రమే కొంచెం కొంచెంగా దించింది. దించిన ప్రతిసారీ చీరను తెర పక్కన పట్టి చూసింది.

రామదాస్ లేచి వచ్చాడు. "గింత మాసినట్టున్నదేంది? గిది ఎవలు కొంటరు?"

"చీర గిట్లనే ఉన్నది కాకా. పోయినసారి రంగు నేనే పెంచిన. వాపసు వచ్చింది నా వల్లనే."

అతను తెరనూ చీరనూ మార్చి మార్చి చూశాడు.

"నువ్వు పెంచితివి, నేను చూసి మురిస్తి. నేసినోన్ని, నాకు తెల్వదా గది నా ఎరుపు గాదని?" అని, చీర మడుస్తూ, "గిదే పంపు," అన్నాడు.

వత్సల పన్నెండు ఫోటోలనూ వెబ్‌సైటు వాళ్ళు చెప్పిన వెడల్పుకు తగ్గించింది. తగ్గించాక నేత గీత కనిపించేంత వరకే పదును పెట్టి, ఒక్కొక్కటి ఒక్కసారే దాచింది. సీడీ రాసి, తీసి, మళ్ళీ పెట్టి, పన్నెండూ తెరుచుకుంటున్నాయో లేదో చూసింది.

"స్టేషన్ కాడి నెట్ సెంటర్ల ఇయ్యి కాకా. జనరేటర్ ఉన్నది, ఆల్లే పంపుతరు. రంగు మాత్రం ముట్టొద్దని చెప్పు," అంటూ సీడీని కవరులో పెట్టి అతని చేతికిచ్చింది.