కోరుట్ల కంకుల్లో చక్కెర

సిరిసిల్లలో పుట్టింట్లో ఉన్న నా భార్యకు ఏడో నెల. నోటికి ఏదీ సయించడం లేదట. కోరుట్ల మొక్కజొన్న పాలకంకులైతే తింటానని కబురు పంపింది. కానీ ఆ తీపి దారిలోనే తగ్గిపోతుందని జగిత్యాలలో వృక్షశాస్త్రం చెప్పే నాకు తెలుసు. ఆకులో ఎండకు తయారైన చక్కెర గింజలోకి చేరి, ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసు కడుతుంది. అతుకు పడ్డ ప్రతిచోటా ఒక నీటి అణువు బయటికి పోతుంది. గొలుసు పెరిగిందా, అది పిండి, తీపి ఉండదు. కంకి విరిచాక కూడా ఈ పని ఆగదు, ఎండలో మరీ తొందరపడుతుంది.

ఆదివారం తొలి బస్సుకే కోరుట్ల చేరాను. మిత్రుడి చేనులో కంకులు విరిచి, ఆకులు ఒలవకుండా తడి గోనెసంచిలో చుట్టి, తొమ్మిదిన్నరకు సిరిసిల్ల బస్సెక్కాను. నిలబడే చోటు దొరికింది. పక్క సీటు అవ్వ సంచి అందుకుంది.

"కింద వెట్టకు కొడుకా, ఇంజన్ వేడి తలుగుతది. నా ఒళ్లె వెట్టు."

చందుర్తి దాటాక తనిఖీ. నక్సలైటు అన్నల కోసం వెతుకుతున్న ఈ రోజుల్లో గోనెసంచి ఉన్న మగవాణ్ని పోలీసులు ఊరికే వదలరు. అందరినీ దింపి ఎండలో నిలబెట్టారు.

"ఏమున్నది ఇండ్ల?" అన్నాడు కానిస్టేబుల్ సంచి చూపిస్తూ.

"చక్కెర సార్," అన్నాను కంగారులో.

ఆయన ఒక్కో కంకినీ ఒలవడం మొదలుపెట్టాడు. "ఏదయ్యా చక్కెర?"

గొలుసు సంగతి చెప్పబోతే అనుమానం ఇంకా పెరిగింది. బస్సులో నా సంగతంతా విన్న అవ్వే అడ్డం వచ్చింది. "కడుపుతోనున్న పిల్లకు పట్కపోతుండు సారూ. జల్ది ఇడువుండ్రి."

వదిలేసరికి పన్నెండయింది. దారి పొడుగునా కంకులను తడుపుతూనే ఉన్నాను.

సిరిసిల్లలో మగ్గాల చప్పుడు దాటుకుంటూ ఇల్లు చేరాక అత్తమ్మ వెంటనే ఉడకబెట్టింది. నా భార్య ఒక్క కొరుకు కొరికి, "సప్పగున్నది," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ ఏడుపు ఒక్కటే తక్కువ.

"మింగకు. మెల్లగ నములు. ఉమ్మి తలిగితే గొలుసు తెగుతది," అన్నాను.

నన్ను అనుమానంగా చూస్తూనే నమిలింది. కాసేపటికి ముఖం విప్పారింది. "తీపస్తున్నది." రెండు కంకులు పూర్తిగా తింది. ఆ పూట నా అంత సంతోషంగా ఎవరూ ఉండి ఉండరు.

తనిఖీ సంగతి విన్న నా భార్య, నేను బయల్దేరేటప్పుడు ఒక కంకి కాగితంలో చుట్టి ఇచ్చింది. "గా ఒలిచినాయనకు ఇయ్యి. అచ్చే వారమన్న ఒలవకుంట ఇడుస్తడు."

సాయంత్రం అదే చోట అదే కానిస్టేబుల్ బస్సెక్కి నన్ను గుర్తుపట్టాడు. "చక్కెర ముట్టిందా సారూ?"

కంకి చేతిలో పెట్టాను. కొరికి ముఖం ముడిచాడు. "మింగకుండ్రి," అన్నాను. ఆయన నములుతూ నిలబడితే బస్సంతా ఆ నోటి వైపే చూసింది. కాసేపటికి తల ఊపి, ఎవరినీ దింపకుండానే తను దిగి, డ్రైవర్‌కు చెయ్యి ఊపాడు.

ఆ దారిన వెళ్లేవారికి నేను చెప్పేది ఇంతే: కంకులు తీసుకెళ్లండి, ఆలస్యమైతే దిగులుపడకండి. వచ్చే ఆదివారానికి నేను మాత్రం ఒక కంకి ఎక్కువే విరుస్తాను.