దండం కావాలా, సంచీ కావాలా

ఎండుమిర్చి వేయించే ఘాటుకు మా ఇంట్లో అందరూ దగ్గుతారు. నాకు మాత్రం కోపం వస్తుంది. మొన్న ఆదివారం పచ్చడికి కాయలు వేయిస్తుంటే హాల్లోంచి మా అబ్బాయి గొంతు వినబడింది. స్నేహితుల్ని పోగేసి ఏదో పెట్టెలో వచ్చే ఆట ఆడుతున్నాడు. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్ళు అందులో వీరులూ మంత్రగాళ్ళూ అయి, చాలా పలకలున్న పాచికలు వేసి, బతికారో చచ్చారో తేల్చుకుంటారు. "మంత్రం వెయ్యాలంటే చేతిలో దండమన్నా ఉండాలి, సంచీలో సరుకులన్నా ఉండాలి. నీకేది కావాలో చెప్పరా" అని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. ఆ పిల్లవాడు చిప్స్ నములుతూ తీరిగ్గా ఆలోచించుకుంటున్నాడు. అంత తీరిక చూస్తే నాకు ఒళ్ళు మండింది. స్టవ్ ఆపేసి అక్కడే నిలబడిపోయాను.

ఎనభైల్లో, ప్రత్తిపాడు దాటి లోపలికి వెళితే వచ్చే మా ఊళ్ళో, ఇదే ఆట నేనూ ఆడాను. చిన్నతనం అనగానే కళ్ళు తుడుచుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఆ కోవలో లేను. మా అమ్మ సువార్తమ్మ పెద్దింటివాళ్ళ మిరపకల్లంలో కూలి. క్రిస్మస్‌కి ఇంటి ముందు కట్టిన కాగితపు నక్షత్రం దించగానే, చివరి కజ్జికాయ ఇంకా డబ్బా అడుగున ఉండగానే, మాకు మిరపకాయల కాలం మొదలయ్యేది. వేసవి సెలవులు అయ్యేదాకా కోయడం, ఎండబెట్టడం, రంగు పోయిన తాలుకాయలు ఏరడం, ఆ ఎర్రటి దుమ్ములో తుమ్ముతూ దగ్గుతూ పొద్దు గడపడం. అమ్మ చీర ఉతికితే నీళ్ళు ఎర్రబడేవి, ఆ నీళ్ళు కాలి మీద పడ్డా మంటే. కల్లానికి ఆనుకుని పెద్దింటివాళ్ళ ఎత్తైన అరుగు, అరుగు పక్క గదిలో ధర రావాలని కప్పుదాకా కుక్కిన పత్తి, లోపలినుంచి ఆవకాయ కలుపుతున్న వాసన. ఆ ఆవకాయన్నం ముద్ద నాకూ పెట్టేవాళ్ళు, చేయి తగలకుండా పైనుంచి ఆకులోకి వదిలి. ఎంత రుచిగా ఉండేదంటే, ఇప్పటికీ ఆ రుచిని నేను క్షమించలేదు.

ఆ ఇంటి మనవడు రవిబాబు గుంటూరులో ఇంగ్లీషు మీడియం చదివేవాడు. వాళ్ళ మేనమామ మద్రాసు నుంచి తెచ్చిన ఆ ఆట పెట్టెను ఒక ఏడాది వేసవి సెలవుల్లో ఊరికి పట్టుకొచ్చాడు. కథ చెప్పేది అతను, ఆడేది అతని చెల్లెలు పద్మ. ఇద్దరితో ఆట రక్తి కట్టలేదు కాబట్టి కల్లంలో తాలుకాయలు ఏరుతున్న నన్ను పిలిచారు. వాళ్ళు అరుగు మీద కూర్చునేవాళ్ళు, నేను కింద మెట్టు మీద. ఒకరోజు పద్మ మంత్రగత్తె, ఒకరోజు నేను. దండమంటే వాళ్ళ చనిపోయిన తాతగారి పొన్నుకర్ర, వెండి తొడుగుది, అరుగు మీద ద్వారబంధానికి ఆనించి ఉండేది. పద్మ వంతు వస్తే దాన్ని తీసుకుని ఝళిపించి మంత్రం వేసేది, అంతే. దండం ఉన్నవాళ్ళకి ఇంకేమీ అక్కర్లేదని రూలు.

నా వంతు వచ్చినప్పుడల్లా రవిబాబు ఎంతో మర్యాదగా అడిగేవాడు.

"కరుణా, దండం కావాలా, సంచీ కావాలా?"

నేను మెట్టు మీదినుంచి అరుగు వైపు చూసి, "సంచీ" అనేదాన్ని. ఇంకేమనను?

సంచీ అంటే నిప్పు మంత్రానికి ఎండుమిరప గింజలు, శత్రువును నిద్రపుచ్చడానికి గింజ తీసిన దూది, కాళ్ళు అతుక్కుపోయే మంత్రానికి తుమ్మబంక, విషానికి ఉమ్మెత్తకాయ. "ఉత్తుత్తి సరుకు చెల్లదు, పుస్తకంలో అలాగే ఉంది" అనేవాడు రవిబాబు. ఒక్కసారి వాడింది ఇక ఖర్చయిపోయినట్టే, కల్లంలోకి విసిరేయించేవాడు. అందుకని పొద్దున్నే తుమ్మచెట్ల వెంట, పత్తి మోళ్ళ మధ్య తిరిగి మళ్ళీ పోగుచేసుకునేదాన్ని. గింజలు గిల్లిన చేత్తో కళ్ళు నలుపుకుని ఏడ్చిన రోజులున్నాయి. బల్లి తోక కావాలంటే అదీ తెచ్చాను. నేను తెచ్చినవన్నీ చూసి పద్మ మురిసిపోయేది, కానీ ఏ సరుకూ నాకు వద్దు. ఒక్కసారి ఆ కర్ర చేత్తో పట్టుకుని మంత్రం వేయాలి. ఆ సెలవులన్నీ నాకు అదొక్కటే కోరిక.

సెలవులు అయిపోవస్తుండగా ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన దిగింది. కాయలన్నీ ఆరుబయట ఉన్నాయి. అమ్మతోపాటు నేనూ పరుగెత్తి కాయలు కుప్పచేసి, పట్టా కప్పి, అది గాలికి లేవకుండా అంచు మీద కూర్చుని తడిశాను. కాయలు దక్కాయి. నా నడుముకున్న గుడ్డసంచీ మాత్రం నానిపోయి, గింజలూ దూదీ బంకా ఒకటే ముద్దయ్యాయి.

మర్నాడే ఆఖరి ఆట. గుహలో పెద్దపాముతో యుద్ధం, మంత్రగత్తె నేను. రవిబాబు ఎప్పటిలాగే అడిగాడు.

"దండం" అన్నాను.

అతను పుస్తకంలోంచి తలెత్తాడు. "నీ సరుకులేవి?"

"నిన్న మీ కాయల మీద పట్టా కప్పుతుంటే తడిసిపోయినయ్యి."

పుస్తకంలో పేజీ తిప్పి, "సరేలే, నీ చేతిలో దండం ఉందనుకో" అన్నాడు.

"అనుకోవడమేంటి? నా దూదేమో నిజంది కావాలి, మీ కర్ర మాత్రం ఉత్తుత్తిదా?"

ఉత్తుత్తిది చెల్లదన్న రూలు అతనిదే. నేను మెట్లెక్కి అరుగు మీదికి వెళ్ళి కర్ర తీసుకున్నాను. వెండి తొడుగు చల్లగా తగిలింది. కర్ర ఎత్తిపట్టి మంత్రం చదివి, రెండో చేత్తో పాచిక వేశాను. అన్నిటికంటే పెద్ద అంకె పడింది. "పాము చచ్చిపోయింది" అని పద్మ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకే వాళ్ళ నాయనమ్మ ఆవకాయ చేతులతో బయటికి వచ్చింది.

ఆవిడ నావైపు చూడకుండా కల్లం వైపు తిరిగి, "ఏమే సువార్తా, నీ కూతురు అరుగెక్కి ఆయన కర్ర పట్టుకుంది. చూసుకోవా?" అంది.

అమ్మ వచ్చింది. నా చేతిలోని కర్ర తీసి పెట్టడానికి తనూ దాన్ని ముట్టుకోకూడదు కదా, కింద నిలబడి "దించెయ్యే, దిగవే" అంది. దిగగానే చెంప మీద కొట్టింది. ఆ చేతికున్న మిరపదుమ్ముకు నా చెంప సాయంత్రందాకా మండింది. కర్రను పసుపునీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టారు. రవిబాబు పాచిక తీసి పెట్టెలో వేసుకుంటూ, "ఈ పందెం చెల్లదు, పాము చావలేదు" అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ నా చెంపకు కొబ్బరినూనె రాసింది. "రేపట్నించి పన్లోకి రావొద్దంటే ఏం తింటామే?" అని కాసేపు తిట్టింది. తర్వాత నూనె గిన్నె పక్కన పెట్టి, ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి అడిగింది.

"బరువుంటదా అది?"

"బాగా బరువే" అన్నాను. అమ్మ తలూపింది. ఏళ్ళ తరబడి ఆ అరుగు ముందే కూర్చుని కాయలు ఏరింది మా అమ్మ.

పోయినేడు, అమ్మ చనిపోయాక ఊళ్ళో జరిపిన జ్ఞాపకార్థ ప్రార్థన కూడికకు రవి వచ్చాడు. వాళ్ళ ఇల్లు పడగొట్టి ప్లాట్లు వేస్తున్నారట, ఊళ్ళోనే ఉన్నాడట. అరుగు లేదు, కల్లం లేదు, పత్తి గది లేదు. కాయలు కూడా ఇప్పుడు కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయి. వాటిలో దేని కోసమూ నాకు కన్నీళ్ళు రాలేదు. మా ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతూ, మా బంధువులందరికీ వినబడేలా అతను చెప్పాడు.

"ఆ రోజులే వేరు కరుణా. ఎంత కలిసిమెలిసి ఆడుకునేవాళ్ళం. నేను దండం ఇస్తానన్నా వినేదానివి కాదు, ఎప్పుడూ సంచీయే కోరుకునేదానివి."

"ఒకసారి దండం అడిగాను రవిగారూ. అరుగెక్కి పట్టుకున్నాను కూడా. దాన్ని పసుపునీళ్ళతో కడిగారు."

అతను నిజంగానే ఆలోచించాడు. అది నటన కాదు, నాకు తెలుసు.

"అవునా? నాకసలు గుర్తే లేదే" అని టీ గ్లాసు కింద పెట్టాడు.

పద్మను అడిగినా అదే అంటుంది. వాళ్ళ నాయనమ్మ ఎప్పుడో పోయింది. ఆ కర్ర నేను పట్టుకున్నానని, అది బరువుగా ఉందని నేను కాక ఇంకొక్కరికే తెలుసు. ఆ మనిషి కోసమే ఆరోజు కూడిక పెట్టుకున్నాం.