ఎక్కేటప్పుడే ఆగే బండి

సీతారామపురంలో బస్సు దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. మే నెల. బస్సు తిరిగి వెళ్ళిపోయాక రోడ్డు మీద నేనూ, నా ట్రంకుపెట్టె, పానాల సంచీ మిగిలాం. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ బండ్లు బాగుచెయ్యడమే నా పని. మంచులో చేశాను, ఇసుకలో చేశాను. రిటైరై వచ్చి ఆత్మకూరులో షెడ్డు పెట్టుకుందామనుకుంటుంటే, ఉదయగిరి కొండల్లో ఎర్రచందనం కాపలాకు మాజీ సైనికుల్ని తీసుకుంటున్నారని తెలిసింది. ఆరు నెలల డ్యూటీ. తెలిసిన మాట, తెలిసిన తిండి. ఇంతకన్నా తేలికైన పోస్టింగు నా జన్మలో రాదనుకున్నాను.

ఇప్పుడు షెడ్డుకొచ్చేవాళ్ళు సరిహద్దు కబుర్లు చెప్పమంటారు. అక్కడ నాకు పెద్దగా భయం వెయ్యలేదు, ఏం చెప్పను? భయం వేసింది ఇంటికి రెండు గంటల దూరంలో.

నన్ను తీసుకెళ్ళడానికి క్యాంపు డ్రైవరు జీపు తెచ్చాడు. వరికుంటపాడు మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. పెట్టె ఎత్తి లోపల పెడుతూ అడిగాడు.

"మెకానిక్ హవల్దారువి నువ్వేనా అన్నా?"

"నేనే. బండ్లకేంది రోగం?"

"ఎక్కేటప్పుడు ఆగిపోతాయి. దిగేటప్పుడు ఆగవు."

అంతే చెప్పాడు. జీపు స్టార్టు చేశాడు.

కొండ అడుగున కింది క్యాంపు. రెండు రేకుల షెడ్లు, నీళ్ళ తొట్టి, వైర్‌లెస్ స్తంభం. అక్కడినుంచి రాళ్ళబాట పైక్యాంపుకి ఎక్కుతుంది. జీపు వెళ్ళలేని బాట కాబట్టి రెండు ఏటీవీలు ఇచ్చారు. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఏటీవీ అంటే మోటారు సైకిలు హ్యాండిలూ సీటూ, వాటి కింద లావుపాటి నాలుగు చక్రాలూ. ఒకటి పాతది, టూ-స్ట్రోకు. ఇంకోటి కొత్తది, ఫోర్-స్ట్రోకు.

రెండింటి హ్యాండిళ్ళకూ నడిమధ్యలో పసుపు గుడ్డలు కట్టి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, ముడి మీద ముడి, కొబ్బరికాయంత లావు.

"ఏందిరా ఇది? బండికి తలకాయ పగిలిందా?" అన్నాను.

డ్రైవరు నవ్వలేదు. వైర్‌లెస్ దగ్గర కూర్చునే వింజమూరు కుర్రాడు లేచి వచ్చి నాకు సంగతి చెప్పాడు. బాట సగానికి పైన ఒక పెద్ద బండ ఉంది. అంతకుముందు ఏడు ఒక ముసలి వాచరు ఆ బండ దగ్గరే ప్రాణం వదిలాడు. పైక్యాంపులో ఉండగా గుండెలో నొప్పి వచ్చింది. కిందినుంచి బండి బయల్దేరింది. ఎదురొద్దామని పెద్దాయన నడుచుకుంటూ బండ దాకా దిగి కూర్చున్నాడు. బండి కింద మలుపులోనే బలం చచ్చి ఆగిపోయింది. ఈ డ్రైవరే దిగి పైకి పరుగెత్తాడు. పోయి చూసేసరికి పెద్దాయన బండకు ఆనుకుని ఉన్నాడు, వేళ్ళ మధ్య అంటించని బీడీ ఉంది. అగ్గిపెట్టె పైన మర్చిపోయి వచ్చినట్టున్నాడు.

"అప్పట్నుంచి ఎక్కే బండిని ఆపి బీడీ అడుగుతాడు" అన్నాడు కుర్రాడు. "అందుకే గుడ్డ కట్టుకోని పోతాం. బీడీ పెడితే వదిలేస్తాడు."

మా అమ్మ బాప్టిస్టు చర్చిలో పాటలు పాడే మనిషి. దయ్యం మాట ఎత్తితే నాలుక మీద వాత పెడతానని పెంచింది. వీళ్ళందరినీ నిలబెట్టి తిట్టాలనిపించింది. తిట్టకుండా పానాల సంచీ తెరిచాను.

బండికి బలం తగ్గితే మెకానిక్కు ముందు చూసేవి గాలి, నిప్పు, పెట్రోలు. తర్వాత ఆ మూడింటినీ లోపల నొక్కిపట్టే కంప్రెషను. టూ-స్ట్రోకు ముందు విప్పాను. అది పెట్రోలుతోపాటు ఆయిలు కూడా తాగే ఇంజిను. ఆయిలు ఎక్కువైతే సైలెన్సరులో మసి పేరుకుని పొగ బయటికి పోదు, బండి ఆయాసపడుతుంది. మసి ఉంది. గీకి దులిపాను. పిస్టను రింగులు అరిగి ఉంటే మార్చాను. ఫోర్-స్ట్రోకు సంగతి వేరు, దానికి వాల్వులుంటాయి. వాల్వుల్ని నొక్కే టాపెట్ల సందు తగ్గితే వాల్వు పూర్తిగా మూసుకోక బలం కారిపోతుంది. సందు సరిచేశాను. ఎయిర్ ఫిల్టరు నిండా ఎర్రమట్టి, కడిగి ఆరబెట్టాను. కార్బురేటర్లు ఊదాను. రెండింటికీ కొత్త ప్లగ్గులు. పని చేసుకోవడానికి అడ్డమని హ్యాండిలు మీది గుడ్డలన్నీ విప్పి పక్కన పడేశాను. క్యాంపు చుట్టూ తిప్పితే రెండూ కోడెదూడల్లా ఉరికాయి.

మర్నాడు పొద్దున ట్యాంకు నిండా పెట్రోలు పోశాం. నిండు ట్యాంకుతోనే కొండెక్కాలని మా నియమం. నేను పడేసిన గుడ్డలన్నీ డ్రైవరు ఏరి తెచ్చి మళ్ళీ కట్టాడు. పోనీలే, గుడ్డేగా అనుకున్నాను. టూ-స్ట్రోకు మీద బయల్దేరాం.

అక్కడ ఎర్రచందనం చెట్లు బారులుగా నిలబడి ఉంటాయి, మొసలి వీపులాంటి బెరడుతో. కింద పిట్టలు ఒకటే గోల. బండ దగ్గర పడేకొద్దీ ఆ గోల పలచబడింది. తర్వాత ఇంజిను గొంతూ పలచబడింది. డ్రైవరు యాక్సిలరేటరు పూర్తిగా నొక్కాడు. బండి వెనకనించి ఎవరో పట్టుకున్నట్టు బరువెక్కి, రెండు ఎగశ్వాసలు తీసి, సరిగ్గా బండ పక్కన ఆగిపోయింది.

డ్రైవరు దిగి బీడీ అంటించి, బండ మీది చిన్న గుంటలో పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు. పీల్చేవాడు లేకపోతే బీడీ ఎంతసేపు కాలుతుంది? వెంటనే ఆరిపోయింది. ఇంకాసేపటికి, ఒక మనిషి తీరుబడిగా బీడీ తాగి పూర్తిచేసేంత సేపటికి, డ్రైవరు బటను నొక్కాడు. ఒక్క నొక్కుకే ఇంజిను లేచింది.

నాకు భయం వేసింది. ఒప్పుకోవడానికి సిగ్గేంటి? మర్నాడు ఫోర్-స్ట్రోకు తీసుకెళ్ళాను. అదీ అక్కడే ఆగింది. టూ-స్ట్రోకుకి వచ్చే జబ్బు వేరు, ఫోర్-స్ట్రోకుకి వచ్చే జబ్బు వేరు. లోపల ఒకదాని భాగం ఇంకోదానికి పట్టదు. అలాంటి రెండు ఇంజిన్లు ఒకేచోట ఒకేలా ఊపిరాడక చావడం నేనెక్కడా చూడలేదు. ఒక్కోసారి బండకు కాస్త ముందు, ఒక్కోసారి కాస్త దాటాక ఆగేవి. మావాళ్ళు మాత్రం అన్నీ బండ దగ్గరే అని లెక్కవేసుకునేవాళ్ళు. దిగేటప్పుడు మాత్రం ఒక్కసారీ ఆగేవి కావు. నిద్రలో కూడా ఆ పలచబడే శబ్దం వినిపించేది.

పైక్యాంపు వంటాయనకు నేనొక వినోదం. వారానికోసారి సరుకుల కోసం దిగొచ్చి, విప్పేసిన ఇంజిను ముందు గొంతుక్కూర్చునేవాడు. సీతారామపురం పక్క పల్లె ఆయనది. నాకోసం గోంగూర పచ్చడి తెచ్చేవాడు.

"మిలిటరీ అన్న దయ్యానికి గూడా సర్వీసింగు చేస్తన్నాడే!" అని అందరికీ వినబడేలా అనేవాడు. "దానికి ఆయిలు మార్చినావా అన్నా?"

"ముందు నీ నోటికి ఫిల్టరు మార్చాల" అనేవాణ్ణి. ఆయన పడీపడీ నవ్వేవాడు. ఆ అడవిలో అంత గట్టిగా నవ్వే మనిషి ఆయనొక్కడే.

ఆగస్టులో ఒకరోజు, పొద్దున పదిన్నరకి వైర్‌లెస్ గరగరలాడింది.

"పైక్యాంపు నుంచి కిందికి. వంటాయన్ని పాము కరిసింది. రక్తపింజర. కాలు వాచిపోతాంది. బండి పంపీండి. ఓవర్."

"కదలనీబాకండి. పడుకోబెట్టండి. వస్తా ఉండాం. ఓవర్" అన్నాడు కుర్రాడు. ఉదయగిరి ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి జీపు సిద్ధం చెయ్యమని వాడికి చెప్పి నేను బయటికి పరుగెత్తాను.

టూ-స్ట్రోకు విప్పి ఉంది. ఫోర్-స్ట్రోకు ట్యాంకు నింపాను. డ్రైవరు కొత్త గుడ్డ తెచ్చి కట్టాడు. ముడిని పళ్ళతో లాగి బిగించాడు. వాణ్ణి కట్టనిచ్చాను. ఒకసారి ఇలాగే బయల్దేరి ఒక మనిషిని పోగొట్టుకున్నవాడు.

ఆ పూట గాలి లేదు. ఆకు కదల్లేదు. ఎక్కుతున్నంతసేపూ ఇద్దరం ఇంజిను శబ్దమే వింటున్నాం. మలుపు తిరిగాం. బండ కనిపించింది. ఇంజిను గొంతు సన్నబడింది.

"వద్దు పెద్దాయనా, ఈ ఒక్క పూట వద్దు" అన్నాడు డ్రైవరు.

బండి ఆగిపోయింది.

వాడు దిగి బీడీ అంటించి గుంటలో పెట్టాడు. పెట్టి, బండ పక్కన కూలబడి ఏడ్చాడు. "ఆ దినం గూడా ఇట్టే అన్నా. ఇట్టే ఆగింది." నా చేతిలోని వైర్‌లెస్ సెట్టులో పైక్యాంపు గొంతు: "యాడ ఉండారు? చిగుళ్ళ నుంచి రక్తం వస్తాంది. ఓవర్."

నేను బండి మీదే కూర్చుని కళ్ళు మూసుకున్నాను. రెండు ఇంజిన్లకూ లోపల ఉమ్మడిగా ఏమీ లేదు. అయితే బయట? చెయ్యి దానంతటదే ట్యాంకు మూత మీదికి వెళ్ళింది. తిప్పాను.

మూత కింద ఏదో దమ్ము లాగింది. పొడుగ్గా, లోపలికి, హుస్సుమని, చాలాసేపు ఊపిరి బిగబట్టిన మనిషి ఒక్కసారి పీల్చినట్టు. డ్రైవరు ఏడుపాపి లేచి నిలబడ్డాడు.

ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్ళాలి. వెళ్ళకపోతే పెట్రోలు కిందికి దిగదు. ఆ గాలి కోసం మూతనుంచి చిటికెనవేలంత సన్నటి రబ్బరు గొట్టం ఒకటుంటుంది. వేలితో దాని వెంట వెళ్ళాను. అది హ్యాండిలు నడిమధ్యకు పోయి, పసుపు గుడ్డల ముడి కింద చదునుగా నలిగి ఉంది. నిండు ట్యాంకులో గాలి ముందే తక్కువ, ఎక్కేటప్పుడు పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ట్యాంకుకి ఊపిరాడదు. కాసేపు ఆగితే గాలి ఎలాగో చొరబడుతుంది, బండి లేస్తుంది. భయపడేకొద్దీ వీళ్ళు ఇంకో గుడ్డ కట్టారు. గుడ్డ కట్టేకొద్దీ బండి ఆగింది.

నేను కత్తి తీశాను. డ్రైవరు నా మణికట్టు పట్టుకున్నాడు.

"కొయ్యబాకన్నా. నీకు దండం పెడతా. గుడ్డ లేకుండా ఆయన్ని దాటి పోలేం."

"దీనివల్లేరా ఆగింది! ఈడ ఇంకాసేపు ఉంటే వంటాయన గూడా పోతాడు. కొయ్యమంటావా, వద్దంటావా?"

వాడు బండ వైపు చూశాడు, పైకి బాట వైపు చూశాడు. తర్వాత నా చేతిలోంచి కత్తి తీసుకుని తనే కోశాడు. బటను నొక్కితే ఇంజిను గర్జించింది. కదిలేముందు నేను గుంటలోకి చూశాను. బీడీ ఆరిపోయి ఉంది, కొస మాత్రమే నల్లబడింది. ఇది నా కళ్ళతో చూసిందే.

వంటాయన్ని మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని దిగాం. డ్రైవరు బాట మీదినుంచి చూపు తిప్పలేదు. వంటాయన తల నా భుజం మీద వేలాడుతోంది. నిద్రపోనివ్వకూడదని మాట్లాడిస్తున్నాను. బండ దగ్గర పడుతుండగా ఆయన ముక్కు ఎగబీల్చాడు.

"ఎవురో బీడీ తాగతా ఉండారన్నా."

"ఎవురూ లేరు. నువ్వు కండ్లు తెరువు" అని కసిరాను. అని, తల తిప్పి గుంట వైపు చూశాను.

పన్నెండు గంటలకి ఉదయగిరి చేరాం. అక్కడ సూదిమందు ఇచ్చి ఆత్మకూరు పంపారు. వంటాయన బతికాడు. కాలు కాస్త ఈడుస్తాడు, నవ్వు మాత్రం తగ్గలేదు. ఆ తర్వాత గుడ్డలు కట్టకూడదని ఆర్డరు వేశాను. బండ్లు ఆగడం మానేశాయి.

నవంబరులో డ్యూటీ అయిపోయింది. డ్రైవరే నన్ను బస్సు దగ్గరికి తెచ్చాడు. నా పెట్టె బస్సులోకి ఎక్కించి వచ్చి అడిగాడు.

"గుడ్డవల్లే ఆగిందన్నావు, సరే. పెద్దాయన కోసం పోయిన దినం బండికి గుడ్డ లేదు గదన్నా. అప్పుడెందుకు ఆగింది? నేనేమన్నా తప్పు తోలినానా?"

మసి కావచ్చు, మట్టి కావచ్చు. ఆ రోజు నేను లేను, నాకు తెలియదు. వాడు అడుగుతున్నది ఇంజిను సంగతి కాదని మాత్రం తెలుసు. అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట వాడికి చెప్పాను.

"నువ్వు పెట్టిన బీడీ తాగినాడురా. మనం దిగేసరికి చివర కట్టిన దారం దాకా తాగి పెట్టినాడు."

వాడు అక్కడే రోడ్డు మీద కూర్చుని మోకాళ్ళలో ముఖం పెట్టుకున్నాడు. బస్సు కదిలింది.

ఇప్పుడు ఆత్మకూరులో నా షెడ్డుకి ఎవరు బలం లేని బండి తెచ్చినా, నేను ముందు ట్యాంకు మూత తిప్పుతాను. ఎప్పుడైనా ఒకసారి లోపల హుస్సుమని దమ్ము లాగుతుంది. అప్పుడు బండ కనిపిస్తుంది. గాలి లేని ఆ పూట, గుంటలో దారం దాకా కాలిన బీడీ, దానిమీద ఇంకా రాలని బూడిద.