చివరి స్ఫటికంతో రుద్రారం దాకా

లింగంపల్లి నుంచి రుద్రారం వెళ్లొచ్చి కూడా ప్రయాణ అనుభవం రాస్తావా అని మా చెల్లెలు పడీపడీ నవ్వింది. నిజమే, సంగారెడ్డి వైపు ఉద్యోగాలకు వేలమంది రోజూ పోయే దారే అది. కానీ వాళ్లెవరూ కాళ్ల మధ్య ద్రవ నైట్రోజన్ డబ్బా, చేతిసంచిలో ఏడాది శ్రమ పెట్టుకుని పోరు. తమ దగ్గర లేని యంత్రం కోసం నాలాగా ఒక ల్యాబు నుంచి ఇంకో ల్యాబుకు తిరిగే పరిశోధక విద్యార్థులు చాలామందే ఉన్నారు. ఇది వాళ్ల కోసం.

నేను పనిచేసేది వెనేడియం ఆక్సైడ్ మీద. నువ్వుగింజంత నల్లటి స్ఫటికం. మామూలు వేడిమిలో అది లోహంలాగా కరెంటును పోనిస్తుంది. మైనస్ నూటపది డిగ్రీల చుట్టుపక్కలకు చల్లబడగానే మొరాయిస్తుంది, నిరోధం లక్షల రెట్లు పెరిగిపోతుంది. అందులోని ఎలక్ట్రాన్లు ఎక్కడికీ పోవు. ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వక ఎక్కడివక్కడే నిలిచిపోతాయి. చిక్కేమిటంటే, ఈ దశ మారేటప్పుడు స్ఫటికం కాస్త ఉబ్బుతుంది. తొందరపడి చల్లబరిస్తే పగులుతుంది. నేను పెంచిన నాలుగింటిలో మూడు అలాగే పోయాయి. మా వ్యాసం చదివిన సమీక్షకుడు ఆ సంగతి పట్టుకున్నాడు. "మీరు చూసింది ఎలక్ట్రాన్ల మార్పా, లేక పగులా?" అని అడిగాడు. పగిలినా నిరోధం పెరుగుతుంది మరి! నాకు ఒళ్లు మండింది కానీ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు ఒక్కటే. మళ్లీ వెచ్చబరిస్తే నిరోధం మొదటి చోటికి తిరిగి రావాలి. పగిలిన స్ఫటికంలో అలా రాదు. "మిగిలింది ఒక్క స్ఫటికమే కదమ్మా, వ్యాసంలో ఆ భాగం తీసేసి పంపేద్దాం" అన్నారు మా గైడు. తీసేసేది లేదన్నాను.

మా ల్యాబులో నైట్రోజన్ యంత్రం మరమ్మతులో ఉంది. ఎమ్మెస్సీలో నాతో చదివిన మాధవి ఇప్పుడు రుద్రారంలో ఒక ల్యాబు చూసుకుంటోంది. శీతల పరికరం ఇస్తాను, నైట్రోజన్ మాత్రం నువ్వే తెచ్చుకో అంది. పొద్దున ఎనిమిదికి ఖాళీ డబ్బాతో లింగంపల్లిలో బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉండదు, పటాన్‌చెరుకు ముప్పావుగంట. నిండు డబ్బాను బస్సులో ఎక్కించుకోరు కాబట్టి అక్కడ ఆటో మాట్లాడుకోవాలి. గ్యాస్ ప్లాంటుకు పోయి, అక్కడి నుంచి రుద్రారం చేరి, సాయంత్రం మళ్లీ తీసుకురావడానికి ఎనిమిది వందలకు ఖాజా భాయ్ ఒప్పుకున్నాడు. తెల్లవారగానే గుమ్మడిదల వైపు ఊళ్ల నుంచి పాలు తెచ్చి డెయిరీలో దించి, ఆ తర్వాత కిరాయిలు చూసుకుంటాడట.

"ఫికర్ చెయ్యకున్రి మేడం. పాల క్యాన్లు మోసే బండి ఇది, ఒక్క బొట్టు కింద పడదు" అన్నాడు.

పారిశ్రామికవాడలో ఉన్న ప్లాంటులో పది లీటర్లు నింపించుకోవడానికి అరగంట పట్టింది. ముందురోజే ఫోన్ చేసి చెప్పాను కాబట్టి అంతే, లేకపోతే లారీల వెనక నిలబడాల్సిందే. ఆ తర్వాతి రోడ్డు మాత్రం ఖాజా భాయ్ మాట నిలబెట్టలేదు. కంటెయినర్ లారీలు తిరిగి తిరిగి గుంతలు పడ్డాయి, ఒక్కో కుదుపుకు మూత కింది నుంచి తెల్లటి పొగ, దాంతోపాటు కాస్త నైట్రోజన్ బయటికి వచ్చేశాయి. ఇస్నాపూర్ చౌరస్తాకు వచ్చేసరికి అసలు బండే కదలలేదు. నాలుగు వైపుల నుంచి ఫ్యాక్టరీ బస్సులు, ట్రాలీలు, ఆటోలు ఒకదానికొకటి అడ్డం పడి ఉన్నాయి.

"పోనీకి రోడ్డుంది, అందరి బండ్లల్ల డీజిలుంది. ఒకరు జరిగితెనే గద ఇంకొకరు జరిగేది" అని ఖాజా భాయ్ ఇంజన్ ఆపేశాడు. నా స్ఫటికంలో జరిగేది కూడా ఇంచుమించు ఇదే అన్నాను. అదేంటని అడిగితే చేతిసంచి చూపించి, ఈసారైనా పగలకూడదని చెప్పాను.

ఎండ మండుతోంది, ఆకలి దంచేస్తోంది. రోడ్డు పక్కన యాదమ్మ అనే ఆమె జొన్న రొట్టెలు కాలుస్తుంటే వెళ్లి కూర్చున్నాను. రెండు రొట్టెలు, వంకాయ కూర అరవై రూపాయలు. ఆ దారిలో పోతే తప్పకుండా తినండి. రెండో రొట్టె వేస్తూ ఆమె ఆటో వైపు చూసి ఆగిపోయింది.

"ఏంది బిడ్డా గా పొగ? అంటుకుంటదా ఏంది?"

"అంటుకోదమ్మా, సల్లటి పొగ" అన్నాను. కానీ ఆ మాట ఆటో చుట్టూ మూగిన జనానికి చేరలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి చూద్దును కదా, పొగ లేదు! పాల క్యాన్లకు చేసే అలవాటు చొప్పున ఖాజా భాయ్ పాత సైకిలు ట్యూబుతో మూతను గట్టిగా బిగించి, చేతులు దులుపుకుంటున్నాడు. ఎంత చల్లగా ఉన్నా నైట్రోజన్ లోపల మరుగుతూనే ఉంటుంది. బయటికి దారి లేకపోతే డబ్బా పేలుతుంది.

"అది ఇప్పు భాయ్, జల్దీ! సంపుతవా అందరిని?" అని వీధంతా వినపడేలా అరిచాను. ట్యూబు ఊడగానే మూత ఎగిరి సీటు కింద పడింది, బుస్సుమని పొగ లేచింది, జనం వెనక్కి ఉరికారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఖాజా భాయ్ మూత తీసి తుడిచి నా చేతికిచ్చాడు. "మంచిగ జేద్దామనే కట్టిన మేడం. గింత మందిల గట్ల అంటరా?"

నాకు సిగ్గేసింది. కానీ తప్పు ఒప్పుకోకుండా మూతను డబ్బా మీద వదులుగా పెట్టాను. జామ్ విడిపోయాక రుద్రారం దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

మాధవి డబ్బాలో కొలత పుల్ల పెట్టి చూసి మొహం చిట్లించింది. "ఏందే, సగమే తెచ్చినవ్? మెల్లగ అడుగు దాకా, మైనస్ నూటతొంభై దాకా పోవాలంటే సాలదు. జల్దీ సల్లబరుద్దామా?"

"వద్దు. అడుగు దాకా ఎందుకు? మైనస్ నూటనలభై దగ్గర ఆపేద్దాం. నాకు కావాల్సింది అది తిరిగి వస్తదా రాదా అన్నదొక్కటే" అన్నాను. ఆ నిమిషంలో నాకు ఏ అనుమానమూ లేదు. నిమిషానికి రెండు డిగ్రీల చొప్పున దించాం. అనుకున్న చోటనే నిరోధం నిట్టనిలువుగా ఎగబాకింది. అది పగిలిన మూడింటితోనూ చూసిందే, సంతోషం కలగలేదు. మైనస్ నూటనలభైలో ఆగి, వెచ్చబరచడం మొదలుపెట్టాం. ఎగబాకిన చోటికి మళ్లీ వచ్చాం. నిరోధం దిగలేదు. నేను గోళ్లు కొరుక్కుంటుంటే మాధవి నా చెయ్యి పట్టుకుంది. ఇంకో పది డిగ్రీలు పోయాక గీత ఒక్కసారిగా కిందికి జారి, మొదట బయల్దేరిన చోటనే నిలిచింది. స్ఫటికం పగల్లేదు. ఇద్దరం ల్యాబు దద్దరిల్లేలా కేకపెట్టాం.

ఆరింటికి గేటు బయట ఖాజా భాయ్ ఉన్నాడు. వస్తాడో రాడో అనుకున్నాను.

"పగల్లేదు గద?" అన్నాడు ముందే.

ఫోన్‌లో గీత చూపించాను. "గట్ల అరవొద్దుండె భాయ్. భయమైంది" అన్నాను. అతను తలూపి గీతను వేలితో పెద్దది చేశాడు.

"రెండు గీతలున్నయేంది?"

"ఇది పోయిన తొవ్వ, ఇది వచ్చిన తొవ్వ."

కాసేపు చూసి నవ్వాడు. "పోయిన తొవ్వల రాలే. అయితేంది, ఇంటికైతే వచ్చింది గద!"

సమీక్షకుడికి జవాబు ఈ రాత్రే పంపుతున్నాను, ఆ భాగం తీసేయకుండానే. ఒకదానికొకటి అడ్డం పడి నిలిచిపోయినవి కాస్త వెచ్చదనం తగిలితే మళ్లీ కదులుతాయని ఏళ్లుగా రాస్తున్నాను, జూనియర్లకు చెబుతున్నాను. మొన్న సాయంత్రం గుంతల రోడ్డు మీద, ఖాజా భాయ్ తన పాల ఊళ్ల కబుర్లు చెబుతుంటే, అది నాకు మొదటిసారి అనుభవానికి వచ్చింది. చాలా హాయిగా అనిపించింది.

ఇక మీకు ఒక సలహా. నైట్రోజన్ డబ్బా మూత ఎప్పుడూ వదులుగానే ఉండాలని, అది ఎందుకో, ఆటో ఎక్కేముందే డ్రైవరుకు చెప్పండి. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. అరిచిన మాటను సర్దుకోవడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.