మామయ్య పెట్టిన ఫాల్టులు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో, మేడ మీద రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. నేను, మా ఆయన, మా మామయ్య. అబిడ్స్‌లో ఒక వకీలు ఆఫీసులో నేను టైపిస్టుని. రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్ళయ్యేసరికి అక్కడి కొత్త లాయర్లు తమ కాగితాలు తామే టైపు చేసుకోవడం మొదలుపెట్టారు. నా బల్ల మీదికి వచ్చే ఫైళ్ళు తగ్గిపోయాయి. కంపెనీల్లో సర్వర్లనే పెద్ద కంప్యూటర్లను చూసుకునే మనుషులు కావాలని పేపర్లో తరచూ పడేది. కోచింగ్‌కు వెళ్ళివచ్చే తీరిక నాకు లేదు. ఒక ఆదివారం చర్చి అయ్యాక, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికి, సర్వర్లను నడిపే లైనక్స్ మీద, సీడీ అంటించిన లావుపాటి పుస్తకం కొన్నాను.

సర్వర్ పని నేర్చుకోవాలంటే కనీసం రెండు కంప్యూటర్లుండాలి. మాకున్నది ఒకటే, అదీ పాతది. దారి ఆ పుస్తకంలోనే దొరికింది. ఒకే కంప్యూటర్ లోపల, ఉత్త సాఫ్ట్‌వేర్‌తో ఇంకో రెండు కంప్యూటర్లను తయారు చేయొచ్చు. వర్చువల్ మెషిన్లంటారు వాటిని. తెర మీద ఒక్కోటి ఒక్కో డబ్బాలో, దేనికదే విడి కంప్యూటర్‌లా నడుస్తుంది. కంప్యూటర్ దుకాణాలుండే చిరాగ్ అలీ లేన్‌కు పోయి మెమరీ పెంచుకొచ్చాను. మొదటి మెషిన్ తయారు కావడానికి ఒక శనివారమంతా పట్టింది. రెండోసారి అంత ఓపిక లేక, దాన్నే కాపీ చేసి రెండోది నిలబెట్టాను.

రెండూ లేచాయి గానీ ఒకదానితో ఒకటి మాట్లాడలేదు. మూడు సాయంత్రాలు కుస్తీ పట్టాను.

మామయ్య టెలిఫోన్ ఎక్స్చేంజ్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నా పెళ్ళయిన నాలుగేళ్ళలో మా మధ్య మాటలు అన్నం దగ్గర మొదలై అన్నం దగ్గరే అయిపోయేవి. మూడో సాయంత్రం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"ఏంది బిడ్డా, మూడొద్దుల సంది చూస్తున్న. పలుకుతలేదా?"

"లేదు మామయ్యా. దీన్నుంచి దాన్ని పిలుస్తే జవాబు వస్తలేదు."

"దీని నంబరెంత? దానిదెంత?"

ప్రతి మెషిన్‌కూ ఒక నంబరుంటుందని ఆయనకెలా తెలుసో నాకర్థం కాలేదు. రెండూ చదివి వినిపించాను. చదువుతుంటేనే తెలిసింది, రెండూ ఒకటే. కాపీ చేసినప్పుడు నంబరు కూడా కాపీ అయింది.

"రెండిండ్లకు ఒకటే నంబరిస్తే ఫోను ఎవరింట్ల మోగాలె?" అన్నారు మామయ్య. నవ్వలేదు. నంబరు మార్చగానే అవతలి మెషిన్ పలికింది. అప్పుడు నవ్వారు.

ఆ తర్వాత రోజూ వచ్చి కూర్చునేవారు. మెషిన్ బాగున్నప్పటి స్థితిని దాచిపెట్టుకుని, పాడైతే మళ్ళీ ఒక్క నొక్కుతో అక్కడికే తెచ్చుకోవచ్చని చెప్తే చాలాసేపు ఆలోచించారు.

"మేం పని నేర్చుకునేటప్పుడు మా సూపర్‌వైజర్ పొద్దుగాల్నే ఒక వైరు ఊడబీకి పెడుతుండె. మేం వెతకాలె. గట్లనే నేర్చుకున్నం. నేను పెట్టనా ఫాల్టు?"

ఫైళ్ళు తెరవడం, మార్చడం ఒక నోట్‌బుక్‌లో ఆయనకు రాసిచ్చాను. నేను ఆఫీసుకు పోయాక ఒక వేలితో టైపు చేసి, ఏదో ఒకటి చెడగొట్టి ఉంచేవారు. సాయంత్రం వచ్చి టీ తాగి నేను వెతుక్కునేదాన్ని. ఒకరోజు ఒక పెద్ద ఫైలును వందలసార్లు కాపీ చేసి, మెషిన్‌లో చోటు లేకుండా నింపేశారు. అది పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఎంత అడిగినా సూచన ఇచ్చేవారు కాదు. దొరికాక మాత్రం "ఎట్ల దొరికింది, మొదటి నుంచి చెప్పు" అని అడిగి, చివరిదాకా వినేవారు.

నాలుగైదు నెలలు ఇలా గడిచాయి. ఒకరోజు ఆఫీసులో పెద్ద లాయరు పిలిచి, వచ్చే నెల నుంచి సగం రోజు వస్తే చాలన్నారు. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పేజీలు చూపించే వెబ్ సర్వర్ నడుస్తోంది గానీ పేజీ తెరుచుకోవడం లేదు. అటూ ఇటూ నొక్కాను. విసుగొచ్చింది. దాచిపెట్టిన పాత స్థితికి మెషిన్‌ను తెచ్చేసి, "దొరికింది మామయ్యా" అన్నాను.

"ఏం దొరికింది?"

"ఏదో ఒక అక్షరం తప్పు పడింది."

మామయ్య నా ముఖం చూశారు. "మంచిది" అని లేచి, చెప్పులేసుకుని కిందికి వెళ్ళిపోయారు.

మర్నాడు ఫాల్టు లేదు. ఆ మర్నాడూ లేదు. మా ఇద్దరి మాటలు మళ్ళీ అన్నం దగ్గరికొచ్చాయి. వారం గడిచాక ఇక ఉండబట్టలేక, ఆయన పేపర్ చదువుకుంటుంటే ఎదురుగా నిలబడ్డాను.

"మామయ్యా, ఆ రోజు నాకు దొరకలేదు. పాతది తెచ్చి పెట్టిన. అబద్ధం చెప్పిన."

"ఎరుకే బిడ్డా." పేపర్ మడిచారు. "నేను సుత ఒకసారి గట్లనే చేసిన. మల్లేపల్లిల ఒకరింట్ల ఫోను చెడిపోయింది. ఎండకు పోబుద్ధి కాక, పోకుండనే రిజిస్టర్ల బాగైందని రాసిన. తెల్లారి ఒక పెద్దామె నడుసుకుంట ఎక్స్చేంజికొచ్చింది. ఇంకా మోగుతలేదు అని చెప్పింది, గంతే. కొట్లాడలే. మంచినీళ్ళు తాగి పోయింది. ఒక్క మాట తిట్టుంటే నేను మర్చిపోతుంటి."

అప్పటికప్పుడు వెళ్ళి, ఆ రోజు చేసిన మార్పే మళ్ళీ చేసి నన్ను పిలిచారు. ఈసారి అటూ ఇటూ నొక్కలేదు. సర్వర్ తనకు జరిగిందంతా రాసుకునే లాగ్ ఫైల్ తెరిచాను. పేజీని చదవడానికి తనకు అనుమతి లేదని సాఫ్‌గా రాసుకుంది అది. ఆ అనుమతి తీసేసింది మామయ్యే. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ రోజు కోపంలో దాన్ని చదవనైనా చదవలేదని అప్పుడు సిగ్గేసింది.

రెండు నెలలకు ఖైరతాబాద్‌లో ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. మెయిల్ సర్వర్ గురించి ఒక ప్రశ్న అడిగారు. నాకు తెలియదు. "తెలియదండీ. కానీ ముందు లాగ్ చూస్తాను" అని, అక్కడి నుంచి ఏ వరుసలో వెతుకుతానో చెప్పుకొచ్చాను. నా సర్టిఫికెట్లు అడిగారు. టైపింగ్ హయ్యర్ తప్ప ఇంకేమీ లేవన్నాను. పది రోజులకు, ఉద్యోగంలో చేరమని ఫోన్ వచ్చింది.

ఆ సాయంత్రం మా ఆయన మొజంజాహీ మార్కెట్ నుంచి సపోటాలు తెచ్చారు. అన్నానికి కూర్చున్నాక మామయ్య కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. మామూలుగా రెండు మాటల్లో ముగించే మనిషి, ఆ రోజు కూర చల్లారేదాకా ఆపలేదు. చివర్లో, "ప్రభువా, మా బిడ్డ పోయే ఆఫీసుల మెషిన్లు ఏవీ చెడిపోకుండ చూడు" అన్నారు.

"చెడిపోకుంటే ఆమెకు గాడ పనేముంటది డాడీ?" అన్నారు మా ఆయన, కళ్ళు తెరవకుండానే.

మామయ్య, "సరే, చిన్న చిన్నయి చెడగొట్టు" అని ఆమెన్ చెప్పి, నా పళ్ళెంలో ముందుగా అన్నం వడ్డించారు.