సిరిమాను ముందు నడిచిన వల

మా చిన్నప్పుడు... డెబ్బైల చివర్లో అనుకోండి... కంచరపాలెం నుంచి విజయనగరం వెళ్లడమే పెద్ద ప్రయాణం. దసరా వెళ్లాక వచ్చిన మంగళవారం, పైడితల్లమ్మ సిరిమాను చూడ్డానికి పాసింజరు బండి ఎక్కాం. అమ్మ, నేను, నాలుగేళ్ల చెల్లి చిట్టి, మమ్మల్ని వెంట తీసుకెళ్లిన సూరి మామయ్య.

మామయ్యది పోర్టులో గుమాస్తా ఉద్యోగం. మాటలు మాత్రం దివాన్‌గారివి. కోట కందకం పక్కన నిలబడి, రాజులు పొద్దున్నే ఏం తినేవారో కూడా చెప్పాడు. తరవాత నేను చరిత్ర పుస్తకాలు చాలానే చదివాను... ఆయన చెప్పినవాటిలో ఒక్కటీ ఎక్కడా కనపడలేదు.

మధ్యాహ్నానికి వీధులు నిండిపోయాయి. అమ్మ సంచులతో ఒక కొట్టు అరుగు మీద కూర్చుండిపోయింది.

"చిట్టి సెయ్యి ఒదలకురా తమ్ముడా."

"నానుండగా నీకేటి బయం అక్కా!" అంటూ చిట్టిని భుజాల మీదికి ఎక్కించుకున్నాడు.

సిరిమాను చూడనివాళ్ల కోసం చెబుతున్నా... ఆకాశంలోకి ఎత్తిన పొడవాటి చింతమాను, దాని కొసన కూర్చున్న పూజారి. గుడికీ కోటకీ మధ్య తిరుగుతుంది. జనం ఆయన మీదికి అరటిపళ్లు విసురుతారు. తగిలితే కోరిక తీరుతుందని నమ్మకం.

మామయ్యకు ప్రమోషన్ కావాలి. భుజాల మీద పిల్ల ఉంటే చేతి విసురు కుదరదు కదా... "ఒక్క నిముసం" అని చిట్టిని కిందకు దించాడు.

పండు ఎక్కడో పడింది. కిందకు చూస్తే చిట్టి లేదు.

మాను ఇటే వస్తోంది. జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. పడితే లేవడానికి చోటు లేదు. నేను "చిట్టీ" అని అరిస్తే, ఆ డప్పుల్లో నాకే వినపడలేదు.

మామయ్య నా వైపు తిరిగాడు. "మీ యమ్మకి సెప్పకు" అన్నాడు. ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే... వెతుకుదాం అని కాదు.

నేనే ఆయన చెయ్యి పట్టుకుని మాను వచ్చే వైపు ఈడ్చాను.

సిరిమాను ముందు బెస్తవాళ్లు వలను కర్రల మీద ఎత్తి పట్టుకుని నడుస్తారు. అమ్మవారిని చెరువులోంచి పైకి తెచ్చింది వాళ్ల పెద్దలేనని వాళ్లకు దక్కిన గౌరవం అది. ఆ వల కింద, ఒక ముసలాయన చంకలో, పసుపు గౌను... చిట్టి!

"ఈ గుంట మీదేనా బాబూ? కాళ్ల కింద పడిపోబోనాది. వల కిందికి లాగీసినాం."

ఆయన వెనకున్న కుర్రాడు మామయ్య చేతిలో మిగిలిన పళ్లు చూశాడు. "అరిటిపండు కోసం పిల్లనొదిలీసినావేటి బావా! తగిల్నాదా మరి?"

వాళ్లంతా నవ్వారు. మామయ్య నవ్వలేదు. దండమూ పెట్టలేదు. పిల్లను లాక్కుని వచ్చేశాడు.

అరుగు దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. "పేనాలకి తెగించి, జనంలో దూరీసి, నానే లాక్కొచ్చీసినానక్కా!"

అమ్మ ఆయన చేతులు కళ్లకద్దుకుంది. "కాదమ్మా... వలోళ్లు..." అన్నాను. అమ్మ నా చెంప ఛెళ్లుమనిపించింది. "పెద్దోళ్ల మాటకి అడ్డొస్తావేటి!"

ఆ అబద్ధం మా బంధువుల పెళ్లి పెళ్లికీ పెరిగింది. చివరికి అందులోకి మదమెక్కిన ఏనుగు కూడా వచ్చి చేరింది. మొన్న ఆయన పోతే, కొడుకులు ఈ గ్రూపులోనే రాశారు... చిట్టిని కాపాడిన ధీరుడని. పోయినవాళ్ల గురించి చెడు రాయకూడదట. బతికుండగా చెబితే చెంపదెబ్బ... మరి ఎప్పుడు చెప్పాలి?

చిట్టికి ఆ రోజు గుర్తున్నది ఒక్కటే. తలెత్తితే ఆకాశం నిండా గళ్లు... ఆ గళ్లలోంచి కదిలిపోతున్న మాను.

ఇప్పుడు కంచెలు కట్టారు, కెమెరాలు పెట్టారు. నేను టీవీలో చూస్తాను. తెర మీద వల కనపడగానే సీతమ్మధార నుంచి చిట్టి ఫోన్ చేస్తుంది. అది దాటిపోయేదాకా ఇద్దరం ఫోన్ పెట్టం.

మీలో ఎవరి తాతయినా ఆ రోజుల్లో ఆ వల పట్టుకుని నడిచి ఉంటే... పసుపు గౌను పిల్ల మాట ఇంట్లో చెప్పి ఉంటే... కింద రాయండి. ఆయనకు పెట్టాల్సిన దండం ఇంకా మా దగ్గరే ఉండిపోయింది.