హెక్టారుకు అరలీటరు

ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా పనిచేశాను. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో! లెక్క తప్పిన పిల్లల చెవులు కూడా మెలిపెట్టాను. బడి గేటు దాటితే మాత్రం నా బతుకంతా మా నాయన నేర్పిన కొలతల్లోనే నడిచింది. పొలమైతే ఎకరాలూ సెంట్లూ, మనిషైతే అడుగులూ అంగుళాలూ. ఇప్పటికీ జ్వరం నూటరెండు అంటేనే నాకు భయం వేస్తుంది. సెల్సియస్‌లో ముప్పైతొమ్మిది అంటే ఎవరికో వచ్చిన జ్వరంలా ఉంటుంది.

మా ఊళ్లో పురుగుమందు సీసాల మీది అక్షరాలు చదివిపెట్టేది నేనే. చీమ తలకాయంత అక్షరాలు, అందులో సగం ఇంగ్లీషు. ఆ పని నాకు గొప్పగా ఉండేదని ఒప్పుకోవాలి. కళ్లజోడు తుడుచుకుని, కాస్త ఆలస్యం చేసి మరీ చెప్పేవాణ్ణి.

పోయినేడు కార్తీకంలో మా వెనకింటి అమ్మాయి అరలీటరు మందు సీసా పట్టుకొచ్చింది. భర్త పోయాక ఎకరం మిరప ఒంటిచేత్తో చేసుకుంటోంది. వరసకు నన్ను బాబాయ్ అంటుంది.

"మిరపాకు ముడతకని కొట్టాయన ఇచ్చాడు బాబాయ్. కొట్టు నిండా జనం, ఎంత కొట్టాలో అడిగే సందే దొరకలా. నువ్వు చూసి చెప్పు."

సీసా మీద హెక్టారుకు అరలీటరని ఉంది. నా కళ్లు హెక్టారునే చూశాయి, నోరు మాత్రం ఎకరమంది.

"ఎకరానికి సీసా మొత్తం కొట్టెయ్యమ్మాయ్."

నాలుగో రోజుకు ఆకు మాడింది, పూత రాలింది. ఆమె కొట్టు ముందు నిలబడి, నకిలీ మందు అమ్మావని కొట్టాయన్ని నానా మాటలూ అంది. ఎంత కొట్టావమ్మా అని అతనడిగితే, "మా మాస్టారు బాబాయ్ చదివి చెప్పినంతే కొట్టా" అని నోరు మూయించిందట. ఆ సంగతి నాకు చెప్పి, ఖాళీ సీసా మా అరుగు మీద పెట్టి వెళ్లింది.

అప్పుడు మళ్లీ చదివాను. ఎకరం కాదు, హెక్టారు. రెండున్నర రెట్లు కొట్టించాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నేనే. మర్నాడు ఆమె కనిపిస్తే నిజం చెప్పాల్సింది పోయి, "ఈ రోజుల్లో ఏ మందుని నమ్ముతాం అమ్మాయ్" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

తన చేలో కాయ లేక, ఆ వేసవంతా ఆమె పరాయి చేలల్లో కాయ కోతకు వెళ్లింది. మా ఇంటి ముందు నుంచే దారి. ఆమె వచ్చే వేళకు నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి.

ఈ ఏడు మళ్లీ వచ్చింది, వేరే కొట్లో కొన్న సీసాతో. ఈసారి వేలు పెట్టి చదివాను.

"హెక్టారుకు అరలీటరంట."

"హెక్టారంటే?"

"రెండున్నర ఎకరాలు."

వేళ్లు మడిచి లెక్క వేసుకుంది. "మరి పోయినేడు నా ఎకరానికే సీసా మొత్తం కొట్టమన్నావు?"

"తప్పు చెప్పానమ్మా. నువ్వు ఖాళీ సీసా పెట్టి వెళ్లిన రోజే తెలిసింది. నీతో చెప్పడానికి మొహం చెల్లలేదు."

మెట్టు మీద కూలబడింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"అయ్యో, పాపం ఆ కొట్టాయన్ని నలుగుర్లో ఎన్ని మాటలన్నాను! ఇప్పుడే పోయి చెప్పొస్తా."

"పద, నేనూ వస్తాను."

"నువ్వెందుకులే బాబాయ్. నేనే ఎక్కువ కొట్టానని చెబుతా. లెక్కల మాస్టారివి, నీ పరువు పోద్ది."

ఆమె అప్పటికే వీధిలోకి దిగింది. నేను చెప్పులు వేసుకుని వెనకాలే బయల్దేరాను.